రాణి బెల్టు పట్టుకున్న చెయ్యి

ఎన్ని కుక్కల్ని చూశారు అని ఎవరైనా అడిగితే పదివేలు అంటాను. అనే ముందు లెక్క గుర్తు చేసుకుంటున్నట్టు గుట్ట వైపు చూస్తాను. మా ఇల్లు మౌలాలిలో గుట్ట కనిపించే సందులో ఉంది కాబట్టి ఆ చూపు బాగా కుదురుతుంది. అయితే పదివేలన్నది అబద్ధం. సికింద్రాబాద్‌లో ఒక కుక్కల హాస్టల్లో ముప్ఫై ఏళ్లు పనిచేశాను. ఊళ్లకు వెళ్లేవాళ్లు తమ కుక్కల్ని మా దగ్గర వదిలి వెళ్లేవారు. వచ్చిన కుక్కే మళ్లీ మళ్లీ వచ్చేది. వేసవిలో ఒకసారి, దసరాకి ఒకసారి వచ్చిన ఒకే కుక్కని నేను రెండుగా వేసుకున్నాను. గట్టిగా లెక్కపెడితే వెయ్యి దాటవు.

ఇప్పుడు ఈ పనిలోకి చదువుకున్న పిల్లలు వస్తున్నారు. చేతిలో ఫోను, మెడలో ఈల, జేబులో అచ్చు వేయించుకున్న కార్డులు. వాళ్లలో కొందరు మా ఇంటికి వచ్చి ఒకటే అడుగుతారు: కుక్కలు ఆడుకుంటున్నాయో కొట్టుకుంటున్నాయో ఎట్లా తెలుస్తుంది అని. మంచి ప్రశ్న. తిండి పెట్టడం, కడగడం ఎవరైనా చేస్తారు. పదిహేను కుక్కల్ని ఒక దొడ్డిలో వదిలినప్పుడు గేటు దగ్గర నిలబడి ఇది ఆట, ఇది కాదు అని చెప్పగలిగిన వాడికే జీతం దండగ కాదు.

ఆ ప్రశ్నకి నేను రిటైరైన తర్వాత ఒకసారి తప్పు జవాబు చెప్పాను. నలుగురి ముందు, పెద్దమనిషి హోదాలో చెప్పాను. ఆ జవాబు పట్టుకుని రాణి అనే నల్లకుక్కని దాన్ని సాకిన మనిషి దగ్గర నుంచి పంపించెయ్యబోయారు. ఆ సంగతి రాయడానికే కూర్చున్నాను. దానికి ముందు, నాకు ఈ అనుమానపు బుద్ధి ఎక్కడ అంటుకుందో చెప్పాలి.

చెవుల్లో దూది

హాస్టల్ యజమాని సుబేదార్ సాబ్. ఫౌజులో ఉండి వచ్చినవాడు. ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. ఆయన భార్య కూడా సుబేదార్ సాబ్ అనే అనేది.

పనిలో చేరిన మొదటి రోజు ఒక బాక్సర్ కుక్క వచ్చింది. నేను దాని తోక చూసి, "ఊపుతుంది సాబ్, మంచిదే" అన్నాను.

ఆయన మీసం కింద నవ్వాడు. "రాజలింగం, పొద్దుగాల పాలాయన నిన్ను చూసి నవ్వుతడా లేదా?"

"నవ్వుతడు సాబ్."

"అయితే పాలల్ల నీళ్లు లేనట్టేనా?"

ఆయన నన్ను గేటు పక్కన కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాడు. "తోక ఏ ఎత్తుల ఉన్నది? ఎంత వెడల్పు తిరుగుతున్నది? దాని ఎంట నడుము సుత తిరుగుతున్నదా, తోకొక్కటే కర్ర లెక్క కొట్టుకుంటున్నదా? నోరు తెరిచి ఉన్నదా, మూసుకున్నదా? బరువు ముందటి కాళ్ల మీద ఉన్నదా, ఎనక కాళ్ల మీద ఉన్నదా? గివన్నీ చూసినంక మంచిదో చెడ్డదో నాకు చెప్పు. ముందుగాల చెప్పకు."

నెల రోజులు నా చెవుల్లో దూది పెట్టించాడు. నిజంగానే. దొడ్డిలో కుక్కలు ఆడుతుంటే నేను చెవుల్లో దూదితో స్టూలు మీద కూర్చునేవాణ్ణి. ఎందుకంటే ఆటలో కుక్కలు గుర్రుమంటాయి, మొరుగుతాయి, పళ్లు చూపిస్తాయి. కొత్తవాడు ఆ చప్పుడుకు బెదిరి ఒళ్లు చూడటం మర్చిపోతాడు. చప్పుడు లేకుండా చూస్తే ఆట నీళ్లలా తేటగా కనిపిస్తుంది. ఆడే కుక్క తిన్నగా పోదు, వంపులు తిరుగుతూ పోతుంది. అవసరం లేకపోయినా ఎగురుతుంది. ముందుకాళ్లు నేలకు ఆనించి, వెనకభాగం పైకెత్తి, రా అన్నట్టు వంగుతుంది. బలమైనది కావాలని కింద పడుతుంది. తరిమేది కాసేపటికి తరిమించుకుంటుంది. మధ్యలో ఆగి ఒళ్లు దులుపుకుంటుంది, తుమ్ముతుంది, మళ్లీ మొదలుపెడుతుంది.

నెల తర్వాత దూది తీయించి అన్నాడు. "ఇగ ఇను. లొల్లి అయితున్నంత సేపు కూసో. లొల్లి బంద్ అయి, రెండూ గట్టిగ నిలబడి ఒకదాని మొకం ఒకటి చూస్తే, గప్పుడు లే. ఉరకకు. పక్క నుంచి నడుసుకుంట పోయి పిలువు."

ఈ ముక్క ఒక్కటి నేర్చుకున్నా మీకు ఈ రాత చదివిన ఫలం దక్కినట్టే.

ఆయన దగ్గర ఒక పరీక్ష ఉండేది. పుస్తకంలో చదివాడో, ఫౌజులో నేర్చాడో తెలియదు. దాన్ని "పట్టి చూసుడు" అనేవాడు. అనుమానం వస్తే, పైన ఉన్న కుక్క బెల్టు మెల్లగా పట్టుకోవాలి. కింద ఉన్నదాన్ని వదిలెయ్యాలి. అది పారిపోయి మూల చేరితే అంతసేపూ జరిగింది ఆట కాదు, బాధ. దులుపుకుని తిరిగి వస్తే ఆటే. ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. సాబ్ నియమం ఇంకోటి ఉంది: రెండోసారి రెండోదాన్ని పట్టి చూడాలి. "ఒక్క దిక్కు సాక్షిని అడిగి తీర్పు చెప్తరా?" అనేవాడు.

ఆ రెండో దిక్కు సంగతి గుర్తు పెట్టుకోండి. నేను గుర్తు పెట్టుకోలేదు.

బొటనవేలి మచ్చ

నా కుడి బొటనవేలి మీద ఒక మచ్చ ఉంది. కొత్తవాళ్లు వస్తే చెయ్యి బల్ల మీద పెట్టి మచ్చ కనిపించేలా కూర్చుంటాను. అడుగుతారు. "జర్మన్ షెపర్డ్. నలభై కిలోలు. ఉట్టి చేతులతో విడదీశాను" అని చెప్తాను.

షెపర్డ్ అక్కడ ఉన్న మాట నిజమే. కరిచింది మాత్రం పమేరియన్. బరువు మూడు కిలోలు ఉంటుందేమో.

ఆ పమేరియన్ పేరు పింకీ. అది రోజూ షెపర్డ్ వెనకకాళ్ల దగ్గర చేరి పట్టి లాగేది. షెపర్డ్ మొహం పక్కకు తిప్పుకునేది, మూతి నాక్కునేది, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూసేది. గోడ వైపు జరిగేది. పింకీ అక్కడికీ పోయేది. చూసి మేమంతా నవ్వాం. చిన్నది పెద్దదాన్ని ఆడిస్తోందని ముచ్చటపడ్డాం. మూడో రోజు షెపర్డ్ ఒక్కసారి గిర్రున తిరిగింది. పింకీ చెవి చీరుకుపోయింది. నేను దూకి పింకీ బెల్టు పట్టుకున్నాను. కోపంలో ఉన్న కుక్కకి తన బెల్టు పట్టింది శత్రువో రాజలింగమో తెలియదు.

పింకీ వాళ్లు షెపర్డ్‌ని తిట్టారు. సుబేదార్ సాబ్ నన్ను తిట్టాడు. "మూడు దినాల సంది అది అర్జీలు పెడుతనే ఉన్నది. నువ్వు నవ్వుకుంట కూసున్నవ్" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు అనుమానం వృత్తి అయింది. పెద్దదాన్ని అనుమానించాను, చిన్నదాన్ని అనుమానించాను, ముద్దొచ్చేదాన్ని ఇంకా ఎక్కువ అనుమానించాను. "మావాడు ఆడుకుంటాడంతే, ఏమీ అనడు" అనే యజమానినైతే గేటు లోపలికే రానిచ్చేవాణ్ణి కాదు. ఆ మాట అనే వాళ్లలో సగం మంది తమ కుక్కని చూడటం లేదు, పక్కవాళ్ల కుక్కని అసలే చూడటం లేదు.

అనుమానం మంచి పనిముట్టే. చీపురు లాంటిది. ముప్ఫై ఏళ్లు ఊరందరి ముంగిళ్లు ఊడ్చాను.

మల్కాజ్‌గిరి పంచాయితీ

రిటైరయ్యాక పనేమీ లేదు. సందులో నేను పొద్దున టీకి బయల్దేరితే నాలుగైదు వీధికుక్కలు వెంట నడిచేవి. "లింగం సార్‌కి కుక్కల భాష వస్తది" అని ఒక పేరు పడింది. నేను కాదనలేదు. ఒకటి రెండు సార్లు నేనే అన్నానేమో కూడా.

ఆ పేరు మల్కాజ్‌గిరిలోని ఒక అపార్ట్‌మెంట్ దాకా పోయింది. అక్కడి సెక్రటరీ ప్రసాదరావు గారు ఫోన్ చేశారు. తెనాలి వైపు నుంచి వచ్చి ఇక్కడ టైల్స్ వ్యాపారం పెట్టుకున్న మనిషి. ఆయనకి లియో అనే బంగారు రంగు లాబ్రడార్ ఉంది. కింది పోర్షన్‌లో సుజాత అని ఒకామె కిరాయికి ఉంటుంది. ఒక్కతే, బ్లౌజులు కుడుతుంది. ఆమె కుక్క రాణి. బన్సీలాల్‌పేట్‌లో ఉన్నప్పుడు రోడ్డు మీద దొరికిన కూనట, నల్లటి నాటుకుక్క. పొద్దున ఆరింటికి అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ జాగాలో రెండింటినీ వదులుతారు. రాణి లియోని కింద పడేసి మీద నిలబడి గుర్రుమంటోందని పై అంతస్తుల వాళ్లు ఫిర్యాదు చేశారు. మంగళవారం పొద్దున నేను వెళ్లాను.

"చూడండి మాస్టారూ," అన్నారు ప్రసాదరావు గారు, "నేనే నిర్ణయం తీసుకుంటే సొంత కుక్క కోసం చేశానంటారు. అందుకని తెలిసినవాళ్ల మాట మీద వదిలేద్దామని కమిటీలో అనుకున్నాం. అది ఆటేనంటే గొడవ లేదు. దాడి అని మీరంటే ఆదివారంలోగా ఆ కుక్కని ఊరి బయట షెల్టర్‌కి పంపాలి. లేదంటే ఆవిడే ఇల్లు ఖాళీ చెయ్యాలి."

సుజాత మిషన్ ముందు నుంచి లేచి వచ్చి నిలబడింది. మెడలో టేపు అలాగే ఉంది. "ఖాళీ చేసి యాడికి పోవాలె సార్? నా గిరాకీ అంత ఈ రెండు గల్లీలల్లనే ఉన్నది. దాన్నేమో ఇడిచిపెట్టలేను. మీరు జెర మంచిగ చూడుండ్రి."

ఇద్దరి మీదా నాకు అనుమానమే. ఆయన అంత మర్యాదగా ఎందుకు మాట్లాడుతున్నాడు? ఆమె నన్ను చూడకుండా రాణినే ఎందుకు చూస్తోంది? రాణి మీద ఇంకా అనుమానం. నోరు మూసుకుని ఉంది. నన్ను చూడగానే వీపు మీద మెడ నుంచి తోక దాకా వెంట్రుక లేచింది. నేను పై అంతస్తుల వాళ్లకి వినబడేలా, "వెంట్రుక చూశారా? కోపం అక్కడ మొదలవుతుంది" అన్నాను.

ఈ మాట అబద్ధం అని నాకు అప్పుడే తెలుసు. వెంట్రుక ఉద్రేకానికి లేస్తుంది. సంబరానికీ లేస్తుంది, భయానికీ లేస్తుంది. కోపం అయితే మిగతా ఒళ్లు కూడా చెప్పాలి. కానీ పైనుంచి జనం చూస్తున్నప్పుడు మాట బరువుగా పడాలి కదా.

ఆట మొదలైంది. లియో పడ్డాడు. రాణి వాడి మీద నిలబడి గుర్రుమంది. నేను పోయి రాణి బెల్టు పట్టుకున్నాను. అది బిగుసుకుపోయింది. లియో లేచి, దులుపుకుని, తిన్నగా నా దగ్గరికి వచ్చి నా తొడకి తల ఆనించి నిలబడ్డాడు.

నా గుండె పొంగింది. "చూశారా! శరణు కోరి వచ్చాడు. ఇది ఆట కాదు" అన్నాను.

సుజాత మెల్లగా, "సార్, ఇంకోపారి చూడుండ్రి. ఈసారి లియోని పట్టుకొని చూడుండ్రి" అంది.

ఆ మాట అచ్చంగా సుబేదార్ సాబ్ మాట. ఈమెకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. రోజూ చూస్తుంది కాబట్టి తెలుసు. నేను చెయ్యి అడ్డంగా ఊపి, "అవసరం లేదమ్మా. నేను చూసిన పదివేల కుక్కల్లో ఇట్లాంటివి ఎన్నో" అన్నాను. ప్రసాదరావు గారింట్లో ఉప్మా తిని, కాయితం మీద సంతకం పెట్టి, లోకల్ ట్రైన్ ఎక్కి ఇంటికి వచ్చాను.

చీమలు

ఆ సాయంత్రం మా ఇంటావిడ అనసూయ నా ప్యాంటు తిరగేసి పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"ఏందిది? చీమలు పుట్ట పెట్టినయి."

"దులుపు."

"దులిపితే పోతయా? జేబుల కార్జం ముక్కలు పెట్టుకొని తిరుగుతవ్. ఎండబెట్టిన కార్జం! నౌకరీ పోయి రెండేండ్లాయె. ఇంక ఎవనికి పెడుతవ్ ఇవి?"

అది నా అలవాటు. హాస్టల్లో ఉన్నప్పుడు కుక్కల్ని పిలవడానికి జేబులో మేక కార్జం ముక్కలు ఉండాలి. ముప్ఫై ఏళ్లు పెట్టుకున్న జేబు, రిటైరైనంత మాత్రాన ఖాళీగా ఉండలేకపోయింది.

"కుక్కలకు నేనంటే ఇష్టం, నీకేమి తెలుసు" అన్నాను.

అనసూయ ప్యాంటు బకెట్లో పడేసింది. "అబ్బో! సందుల కుక్కలన్ని ఎంటబడితే దేవుడనుకుంటున్నవా? రేపు గీ ప్యాంటు నేనేసుకొని పోత. నా ఎంట సుత వస్తయి. నాకు సుత కుక్కల భాష వస్తదని చెప్పుకుంట."

నేను నవ్వాను. నవ్వుతూనే ఆగిపోయాను. లియో వచ్చి తల ఆనించింది ఏ తొడకి? కుడి తొడకి. కార్జం ఏ జేబులో ఉంది?

చెవుల్లో దూది పెట్టుకున్నట్టు కళ్లు మూసుకుని మళ్లీ చూసుకున్నాను. లియో తోక కాళ్ల మధ్య లేదు. నడుముతో సహా వెడల్పుగా ఊగుతోంది. నోరు తెరిచి ఉంది. ముక్కు జేబు అంచు మీద ఉంది. భయపడ్డ కుక్క మనిషి వెనక్కి పోయి నక్కుతుంది, జేబుని తడపదు. నా ప్యాంటు తడిసి ఉంది. రైల్లో అది చూసుకుని, పాపం భయంతో చొంగ కార్చాడనుకున్నాను.

రాణి? నేను బెల్టు పట్టగానే బిగుసుకుంది, మొహం పక్కకు తిప్పింది, మూతి నాక్కుంది. షెపర్డ్ పెట్టిన అర్జీయే. లియో మీద కాదు, నా మీద.

మర్నాడు పొద్దున్నే వెళ్లి తప్పు ఒప్పుకున్నానని ఈ కథ అందరికీ చెప్తుంటాను. వెళ్లలేదు. మంగళవారం సంతకం పెట్టాను, శనివారం వెళ్లాను. మధ్యలో మూడు రోజులు ఇంట్లో కూర్చున్నాను. అపార్ట్‌మెంట్ వాళ్లు వాట్సాప్‌లో నా ఫొటో పెట్టారట, ఇంకో రెండు చోట్ల నుంచి ఫోన్లు వచ్చాయి. ఆ ఫోన్లు ఎత్తాను. పోయిన పేరు తిరిగి రాదని, నల్లకుక్కలు బోలెడు ఉంటాయని, షెల్టర్‌లో తిండి బాగానే పెడతారని నాకు నేను చెప్పుకున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఇది రాయకపోతే పైన రాసిందంతా ఆ పాలాయన నవ్వు లాంటిదే.

శనివారం అనసూయ ఉతికి ఆరేసిన ప్యాంటు తెచ్చి నా మీద పడేసింది. "పోతవా, నేను పోయి చెప్పాల్నా?"

ఇనుప గేటు బయట

సుజాత తలుపు తీసింది. గుమ్మం పక్కన బియ్యం సంచి ఉంది. అందులోంచి ఒక స్టీలు గిన్నె, పాత దుప్పటి అంచు కనిపిస్తున్నాయి. అవి రాణివి.

"మళ్ల ఏం కాయితం రాయనీకి వచ్చిండ్రు?" అంది.

కార్జం సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నాకెందుకు చెప్తుండ్రు? నేను ఆరోజే అన్న కదా. పోయి ఆయనకు చెప్పుండ్రి. అందరు ఇనంగ చెప్పుండ్రి. ఆరోజు అందరు ఇనంగనే చెప్పిండ్రు కదా."

ప్రసాదరావు గారు కిందికి వచ్చారు. వెనక జనం వచ్చారు. నేను చెప్పింది విని ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఏంటండీ మాస్టారూ! నాలుగు రోజుల్లో కుక్క మారిందా, మీరు మారారా?"

"జేబు మారింది సార్" అని రెండు జేబులూ బయటికి లాగి చూపించాను. చొక్కా జేబు కూడా. ఎవరో పైనుంచి పకపకా నవ్వారు. నవ్వనీ.

"ఆవిడేమైనా బతిమాలిందా?" అన్నారాయన. అనుమానం నా ఒక్కడి సొత్తు కాదు కదా.

"ఆమె నాతో సరిగ్గా మాట్లాడనే లేదు సార్. మళ్లీ చూద్దాం. ఈసారి రెండు దిక్కులూ."

కుక్కల్ని వదిలారు. రాణి పైన ఉన్నప్పుడు బెల్టు పట్టాను. లియో లేచాడు, దులుపుకున్నాడు, నా జేబు వైపు వచ్చి ఒకసారి వాసన చూశాడు. ఏమీ లేదు. నన్ను వదిలేసి రాణి ముందుకు పోయి ముందుకాళ్లు చాపి వంగాడు. మొరిగాడు. రా, ఎందుకు ఆగావ్ అన్నట్టు. జనంలోంచి ఎవరో "అరె" అన్నారు.

ఇప్పుడు రెండో దిక్కు. లియోని పట్టుకున్నాను. రాణిని వదిలేశాను. అది మా దగ్గరికి రాలేదు. గోడ దగ్గరికి పోయి నేల వాసన చూస్తూ అక్కడే ఉండిపోయింది.

"అదుగో," అన్నారు ప్రసాదరావు గారు నెమ్మదిగా. "ఇది రాలేదు కదండీ. అంటే మావాడు దీన్ని బాధపెడుతున్నట్టా? లేక మీ పరీక్షే తప్పా?"

సుజాత మెడలోని టేపుని చేతికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. రాణి నేల వాసన చూస్తూనే మధ్యమధ్యలో తల ఎత్తకుండా కన్ను మాత్రం ఎత్తుతోంది. ఆ కన్ను వెంట చూశాను. అది లియో దగ్గర ఆగలేదు. లియో బెల్టు దగ్గర, నా చేతి దగ్గర ఆగింది.

జేబు వాసనకి వచ్చినవాడు ఒకడు, చెయ్యిని చూసి రానిది ఒకటి. రెండుసార్లూ మధ్యలో ఉన్నది నేనే. ముప్ఫై ఏళ్లలో నేను దొడ్డిలో నిలబడి చెప్పిన తీర్పుల్లో ఎన్ని ఇలాంటివో. ఆ లెక్క మాత్రం పెంచి చెప్పాలని లేదు.

"అమ్మా, లియోని నువ్వు పట్టుకో" అన్నాను సుజాతతో. "నేను బయటికి పోతాను."

గేటు దాటి, బయటి నుంచి మూశాను. ఇనుప చువ్వల సందులోంచి చూస్తూ నిలబడ్డాను. కాసేపు ఏమీ జరగలేదు. రాణి ఒకసారి నన్ను చూసింది. తుమ్మింది. ఒళ్లంతా ముక్కు నుంచి తోక దాకా దులుపుకుంది. తర్వాత తిన్నగా కాకుండా పెద్ద వంపు తిరుగుతూ, నడుము ఊపుకుంటూ లియో దగ్గరికి పోయి దభీమని వెల్లకిలా పడింది. పొట్ట చూపిస్తూ నాలుగు కాళ్లూ గాలిలో పెట్టింది. లియో సుజాత చేతిలోంచి జారి దాని మీద పడ్డాడు. ఇప్పుడు గుర్రుమంటున్నది లియో.

ప్రసాదరావు గారు చాలాసేపు చూశారు. జేబులోంచి కాయితం తీసి, నేను సంతకం పెట్టిన వైపు చూసి, చువ్వల సందులోంచి నాకే ఇచ్చారు. "మీ చేత్తోనే చింపండి మాస్టారూ." చింపాను. ఆయనే మళ్లీ అన్నారు. "నిజానికి మావాడికి ఆడుకోడానికి ఈ కాంపౌండ్‌లో ఇంకెవరూ లేరండీ. నాలుగు రోజుల్నుంచి అన్నం సరిగ్గా తినట్లేదు. నేనే పైకి చెప్పలేకపోయాను."

సుజాత బియ్యం సంచి లోపలికి తీసుకుపోయింది.

ఇప్పుడు వారానికి ఒకటి రెండు రోజులు పొద్దున అక్కడికి పోతున్నాను. ఎవరూ పిలవరు. ఆ ఖాళీ జాగాకి ఇంకో మూడు కుక్కలు వస్తున్నాయి, చూడాలనిపిస్తుంది. సుజాత టీ గ్లాసుతో గేటు దగ్గర ఉంటుంది. నన్ను చూడగానే, "జేబులు" అంటుంది. అంతే. నమస్తే కూడా అనదు. నేను రెండు జేబులూ బయటికి లాగి చూపిస్తాను. కార్ఖానా గేటు దగ్గర కార్మికుణ్ణి సోదా చేసినట్టు చూసి, అప్పుడు గేటు తీస్తుంది. రెండు నెలలైంది, ఒక్కసారి కూడా ఊరికే వదల్లేదు. మంచిదే. ఈ పనికి ఆమె సరిపోతుంది.

మొన్న చేతులు వెనక్కి కట్టుకుని గోడ దగ్గర నిలబడ్డాను. రాణి ఆట మధ్యలో ఆగి, వంపు తిరిగి, నా వైపు వచ్చింది. మెడ మాత్రం చాపి, కాళ్లు దూరంగానే పెట్టుకుని, వేలాడుతున్న నా జేబు గుడ్డ వాసన చూసింది. నేను కదల్లేదు, పిలవలేదు. అది ఒళ్లు దులుపుకుని, నన్ను అక్కడే వదిలేసి, తిరిగి ఆటలోకి పోయింది.